1870–71 జర్మన్ యుద్ధ పతకం: అంచు మీది అక్షరాలు, రిబ్బన్ మీది పట్టీలు

అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనలో జర్మన్ పతకం కొన్నాను. కంచుది. ఒకవైపు కిరీటం, దాని కింద డబ్ల్యూ అక్షరం, రెండోవైపు శిలువ, మధ్యలో 1870, 1871 అని ఉంది. రిబ్బన్ మీద స్పిహెర్న్, వ్యోర్ట్, సెడాన్, పారిస్ పేర్లతో నాలుగు సన్నటి లోహపు పట్టీలు ఉన్నాయి. నాలుగు యుద్ధాల్లో సాహసం చూపిన ఒకే సైనికుడిదని, ఫ్రెంచి ఫిరంగిని కరిగించి చేశారని, చాలా అరుదని అమ్మినాయన చెప్పారు. ఇందులో ఎంత నిజం?"

ఫిరంగి మాట నిజం. సాహసం మాట నిజం కాదు. అరుదు అనడం బేరం కోసం చెప్పిన మాట. ఇక ఆ నాలుగు పట్టీలూ ఒకే మనిషివి అన్నది జరగడానికే వీల్లేదు. పతకం పుట్టుక తెలిస్తే అది ఎందుకో మీకే అర్థమవుతుంది కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

1870 జూలై 19న ఫ్రాన్స్, జర్మన్ రాజ్యాల్లో అతిపెద్దదైన ప్రష్యా మీద యుద్ధం ప్రకటించింది. ఆరు వారాలు దాటిందో లేదో, సెడాన్ దగ్గర ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ బందీ అయ్యాడు. అక్టోబరు 27న మెట్జ్ కోటలో ఫ్రెంచి సేనాని మార్షల్ బజేన్ లక్షా డెబ్భై వేల పైచిలుకు సైన్యంతో లొంగిపోయాడు. పారిస్ ఇంకా ముట్టడిలో ఉండగానే, 1871 జనవరి 18న, వెర్సాయ్ ప్రాసాదంలోని అద్దాల మందిరంలో ప్రష్యా రాజు విల్‌హెల్మ్‌ను జర్మన్ చక్రవర్తిగా ప్రకటించారు. మే 10న ఫ్రాంక్‌ఫర్ట్ సంధి కుదిరింది. ఆ సంధితో ఫ్రాన్స్ అల్సాస్‌ను, లొరేన్‌లో కొంత భాగాన్ని వదులుకుంది. 500 కోట్ల ఫ్రాంకుల పరిహారానికీ తలొగ్గింది. ఆ తర్వాత పది రోజులకు, 1871 మే 20న, చక్రవర్తి ఈ పతకాన్ని నెలకొల్పాడు.

సాహసానికి ఇచ్చేది వేరే ఉంది. దాని పేరు ఐరన్ క్రాస్. మొదటి నెపోలియన్ కాలం నాటి ఆ పతకాన్ని ఈ యుద్ధం మొదలైన రోజే విల్‌హెల్మ్ పునరుద్ధరించాడు. మీ చేతిలో ఉన్నది యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చిన జ్ఞాపక పతకం. పోరాటంలో ఉన్నవాడికి, యుద్ధ విధుల మీద ఫ్రెంచి సరిహద్దు దాటినవాడికి, వీరుడైనా కాకపోయినా, ఇదే దక్కింది. సేనాని ఛాతీ మీదా ఇదే, బండి తోలిన సిపాయి ఛాతీ మీదా ఇదే. అందుకే లెక్కకు మించి తయారయ్యాయి. ఐరోపాలో నేటికీ ఏ పాత వస్తువుల సంతలోనైనా కనిపిస్తాయి. అమ్మినాయన "అరుదు" అన్నమాటకు మీరు ఎక్కువ డబ్బు ఇచ్చి ఉంటే, ఆ మేరకు నష్టపోయినట్టే.

ఇప్పుడు పతకాన్ని పక్కకు తిప్పి పట్టుకోండి. చాలామంది ముందువైపు, వెనకవైపు చూసి ఊరుకుంటారు. నేను మొదట చూసేది అంచు. సుమారు 29 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ బిళ్ల అంచు చుట్టూ "ఔస్ ఎరోబెర్టెం గెష్యూట్స్" అని జర్మన్‌లో ఉండాలి. స్వాధీనం చేసుకున్న ఫిరంగి నుంచి చేసింది అని దాని భావం. పోతపోసిన నకళ్లలో ఈ అక్షరాలు ఉండవు, ఉన్నా అరిగిన సబ్బుబిళ్ల మీది రాతలా మసకబారి ఉంటాయి. ముందువైపు కిరీటం, డబ్ల్యూ అక్షరం కింద "విజయవంతమైన సైన్యానికి" అని, చుట్టూ "దేవుడు మనతో ఉన్నాడు, కీర్తి ఆయనకే" అని రాసి ఉంటుంది.

ఆ దేవుడి వాక్యం 1871లో కొత్తగా రాసింది కాదు. 1813 డిసెంబరు 24న, నెపోలియన్ లైప్‌జిగ్‌లో ఓడి రైన్ నది దాటి వెనక్కి వెళ్లిన తర్వాత, ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక పతకం ప్రకటించాడు. అదీ ఫ్రెంచి ఫిరంగుల కంచుతో చేసిందే. దాని మీదా అదే వాక్యం, దాని వెనకవైపునా కిరణాల మధ్య శిలువ. 1871 నాటి చక్రవర్తి ఆ రాజు కొడుకే. కుర్రవాడిగా 1814 దండయాత్రలో స్వయంగా పాల్గొన్నవాడు. డెబ్భై దాటిన వయసులో తన సైనికులకు పతకం చేయించవలసి వచ్చినప్పుడు తండ్రి నమూనానే తీసుకున్నాడు. "ఇది రెండోసారి" అని ఫ్రాన్స్‌కు వినిపించేలా చెప్పడం కూడా అందులో ఉందని నా అభిప్రాయం.

ఫిరంగుల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పతకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం అక్కడే ఉంది. 1870లో ఫ్రెంచి సైన్యం దగ్గర షాస్పో తుపాకీ ఉండేది. ప్రష్యన్ల తుపాకీ కంటే అది చాలా దూరం పేలేది. కానీ వాళ్ల మైదాన ఫిరంగులు మాత్రం కంచువి, మూతి వైపు నుంచి మందు కూరి పేల్చేవి. ప్రష్యన్ల దగ్గర ఎస్సెన్ పట్టణంలోని క్రుప్ కార్ఖానా చేసిన ఉక్కు ఫిరంగులు ఉండేవి. వాటికి వెనక నుంచి గుండు పెడతారు. దూరం, గురి, వేగం అన్నిటిలోనూ అవే పైచేయి. సెడాన్ చుట్టూ గుట్టలెక్కి కూర్చున్న ఆ ఉక్కు ఫిరంగులే లోయలో చిక్కిన ఫ్రెంచి సైన్యాన్ని నుజ్జు చేశాయి. ఓడిపోయిన కంచు ఫిరంగులు వేల సంఖ్యలో జర్మన్ల చేతికి చిక్కాయి. మెట్జ్ ఒక్కచోటే వెయ్యికి పైగా దొరికాయి. పాతబడిపోయిన ఆ ఫిరంగులతో సైన్యానికి పెద్దగా పని లేదు. కరిగించి పతకాలు, గంటలు, విగ్రహాలు చేయడానికి మాత్రం కంచు కంటే మంచి లోహం లేదు. కొలోన్ కెథడ్రల్ కోసం 1874లో పోతపోసిన 27 టన్నుల చక్రవర్తి గంటకు 22 ఫ్రెంచి ఫిరంగులు పోశారు. 1918లో యుద్ధ అవసరాలకంటూ ఆ గంటను మళ్లీ దించి ముక్కలు చేశారు. ఫిరంగి గంటయింది, గంట తిరిగి యుద్ధానికే వెళ్లింది.

ఈ పతకంలో రెండో రకం కూడా ఉంది. పోరాటంలో పాల్గొననివారికి, అంటే వైద్యులు, మతగురువులు, అధికారులు, గాయపడినవారికి సేవలు చేసినవారికి ఇచ్చినది. దాని మీద "యుద్ధంలో విధి నిష్ఠకు" అని ఉంటుంది, అంచు మీద ఏ రాతా ఉండదు. అది ఉక్కుతో చేసింది. విచిత్రం చూడండి: యుద్ధాన్ని గెలిపించిన లోహం ఉక్కు, కానీ అది గాయాలకు కట్టుకట్టిన చేతులకు దక్కింది. పోరాడిన చేతులకు ఓడిన లోహం దక్కింది. ఆనాటివాళ్లు దీన్ని ఇలా చూసి ఉండరు. వాళ్ల దృష్టిలో శత్రువు చేతిలోంచి లాక్కున్న కంచు గౌరవప్రదమైనది, ఉక్కు దానికంటే ఒక మెట్టు తక్కువ. సంగ్రాహకుల్లో కూడా ఉక్కు పతకాన్ని తుప్పు పట్టేదని చిన్నచూపు చూసేవారు ఉన్నారు. నాకైతే తుప్పులేని ఉక్కు పతకం కనిపిస్తే వదలబుద్ధి కాదు.

మద్రాసు సైన్యంలో పనిచేసిన తాతముత్తాతల బ్రిటిష్ పతకాలు చూసినవారికి ఒక అలవాటు ఉంటుంది. అంచు తిప్పి సిపాయి పేరు, నంబరు, పటాలం వెతుకుతారు. బ్రిటిష్ యుద్ధ పతకాల్లో సాధారణంగా అవి చెక్కి ఉంటాయి. జర్మన్ పతకం మీద ఎవరి పేరూ ఉండదు. గ్రహీత ఎవరో చెప్పేది విడిగా ఇచ్చిన ధ్రువపత్రం మాత్రమే. ఆ కాగితం లేకపోతే ఏ బిళ్లనూ ఫలానావాడిదని చెప్పలేం. మీకు అమ్మినాయన దగ్గర ఆ కాగితం ఉందో లేదో మీరు రాయలేదు. లేదనే అనుకుంటున్నాను. ఉంటే ఈ కథ ఆయన వేరేలా చెప్పేవాడు.

పేరు లేకపోయినా ఈ పతకం చెప్పే కథలు తక్కువేమీ కావు, పక్కన దాని తోబుట్టువులు ఉంటే. 1864లో ప్రష్యా, ఆస్ట్రియా కలిసి డెన్మార్క్‌తో యుద్ధం చేశాయి. ఇద్దరు రాజుల పేర్ల మొదటి అక్షరాలూ పక్కపక్కన పెట్టి ఉమ్మడి నమూనాతో పతకం ఇచ్చాయి. రెండేళ్లు తిరగకుండానే 1866లో ఆ రెండు దేశాలే ఒకదానితో ఒకటి తలపడ్డాయి. ఆ యుద్ధానికి ప్రష్యా శిలువ ఆకారంలో వేరే జ్ఞాపక పతకం ఇచ్చింది. ప్రధాన యుద్ధంలో ఉన్నవారి శిలువ మీద "క్యోనిగ్‌గ్రెట్స్, 3 జూలై 1866" అని ఉంటుంది. 1864, 1866, 1870–71 పతకాలు మూడూ ఒకే వరసలో కుట్టించుకున్న ప్రష్యన్ ముసలి సైనికుడి ఛాతీ అంటే ప్రష్యా ప్రధాని బిస్మార్క్ జర్మనీని కూర్చిన తీరు మొత్తం అక్కడే ఉన్నట్టు.

దక్షిణ జర్మన్ రాజ్యమైన బవేరియావాడి పతకాల వరస ఇంకా రంజుగా ఉంటుంది. 1866లో బవేరియా ఆస్ట్రియా పక్షాన నిలిచి ప్రష్యాతో పోరాడి ఓడింది. ఆ పోరాటానికి రాజు రెండో లుడ్విగ్ తన సైన్యానికి ఒక గుర్తు పతకం ఇచ్చాడు. నాలుగేళ్ల తర్వాత అదే సైన్యం ప్రష్యన్ యువరాజు నాయకత్వంలో వ్యోర్ట్‌లో, సెడాన్‌లో ఫ్రెంచివారితో పోరాడింది. అందువల్ల ఒకే మనిషి ఛాతీ మీద ప్రష్యాతో పోరాడినందుకు ఒకటి, ప్రష్యా రాజు కిరీటపు అక్షరంతో మరొకటి పక్కపక్కనే వేలాడతాయి. 1870–71 పతకం అన్ని జర్మన్ రాజ్యాల సైనికులకూ ఒకటే కావడంలో కిటుకు ఇదే. అది కృతజ్ఞత మాత్రమే కాదు, "ఇక మీదట మీరందరూ ఒకే సైన్యం" అనే ఆజ్ఞ కూడా. రిబ్బన్‌లో ఉన్న నలుపు, తెలుపు, ఎరుపు కొత్త సామ్రాజ్యపు జెండా రంగులే.

ఇక మీ అసలు సమస్య, పట్టీలు.

పట్టీలు 1871 నాటివి కావు. పతకాలు పంచినప్పుడు రిబ్బన్ మీద ఏమీ లేదు. అవి పాతికేళ్ల తర్వాత వచ్చాయి. 1895 ఆగస్టు 18న, గ్రావెలోట్ యుద్ధం జరిగి పాతికేళ్లు నిండిన రోజున, మనవడు రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి యుద్ధాల పేర్లతో పట్టీలు ధరించడానికి అనుమతిచ్చాడు. 1870 నాటి ఐరన్ క్రాస్ రెండో తరగతి ఉన్నవారికి ఓక్ ఆకుల మీద 25 అంకె వేసిన పట్టీ కూడా అప్పుడే వచ్చింది. ఇదంతా ముసలివాళ్ల మీద ప్రేమతోనే జరిగిందనుకుంటే పొరపాటు. అప్పటికి కార్మికుల పక్షాన నిలిచిన సోషలిస్టు పార్టీవాళ్లు, అంటే సోషల్ డెమొక్రాట్లు, పెద్ద శక్తిగా ఎదిగారు. వాళ్ల నాయకులు బేబెల్, లీబ్‌నెక్ట్ 1870లోనే యుద్ధ ఖర్చులకు ఓటెయ్యకుండా తప్పుకున్నవారు. తర్వాత రాజద్రోహ నేరం మోపితే జైలుకూ వెళ్లారు. 1895 సెప్టెంబరు 2న, సెడాన్ దినోత్సవ విందులో, అలాంటివారు జర్మన్లు అనిపించుకోవడానికే తగరని చక్రవర్తి బాహాటంగా అన్నాడు. వాళ్లకు ఎదురుగా నిలబెట్టడానికి చక్రవర్తికి ఉన్న బలగం ఊరూరా ఉన్న మాజీ సైనికుల సంఘాలు. ఆ సంఘాల చందాలతో కీఫ్‌హాయ్జర్ కొండ మీద కట్టిన స్మారకం 1896లో తెరుచుకుంది. 1897 మార్చి 22న, తాత శతజయంతికి, మళ్లీ ఫిరంగి కంచుతోనే ఇంకో పతకం పంచారు. మొత్తం మీద ఆ మూడేళ్లలో పాత సైనికుల ఛాతీలు బరువెక్కాయి.

పట్టీలను మాత్రం చక్రవర్తి పంచిపెట్టలేదు. అర్హత ఉన్నవారు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. దాంతో రకరకాల దుకాణాలు రకరకాల నాణ్యతలో చేసి అమ్మాయి. అక్షరాల తీరు, పూత ఒక్కో చోట ఒక్కోలా ఉండటానికి కారణం అదే కాబట్టి, ఆ తేడా కనబడగానే నకిలీ అని తేల్చేయకూడదు. ఏ పేర్లు ఉన్నాయి, ఏ పేర్లు లేవు అన్నది కూడా గమనించదగ్గది. 1870 నవంబరు 9న కూల్మియే దగ్గర ఫ్రెంచివారు బవేరియన్లను ఓడించి ఓర్లియాన్స్ నుంచి వెనక్కి నెట్టారు. అక్కడ చనిపోయినవారూ జర్మన్ సైనికులే. కానీ కూల్మియేకు పట్టీ లేదు.

ఇప్పుడు మీ పతకం. స్పిహెర్న్ యుద్ధం 1870 ఆగస్టు 6న జరిగింది. వ్యోర్ట్ యుద్ధం కూడా 1870 ఆగస్టు 6నే జరిగింది. స్పిహెర్న్ జార్‌బ్రూకెన్ పక్కన, వ్యోర్ట్ అల్సాస్‌లో. మధ్యలో వోజ్ పర్వతాల ఉత్తర భాగం, గాలి గీతలో కొలిచినా దాదాపు అరవై కిలోమీటర్ల దూరం. స్పిహెర్న్‌లో మొదటి, రెండో సైన్యాల దళాలు పోరాడాయి. వ్యోర్ట్‌లో యువరాజు నడిపిన మూడో సైన్యం. ఒకే రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా రెండు చోట్లా తుపాకీ పట్టిన మనిషి ఉండడు.

మిగతా మూడు చక్కగా కుదురుతాయి. వ్యోర్ట్, సెడాన్, పారిస్ మూడూ మూడో సైన్యం నడిచిన దారే. బవేరియన్లలోనూ, ప్రష్యన్ ఐదో కోర్‌లోనూ (కోర్ అంటే సైన్యంలో ఒక పెద్ద విభాగం) ఈ వరస మామూలే. కాబట్టి మీ పతకం మీద ఎవరో ఒక పాత సైనికుడి మూడు పట్టీలు నిజంగానే ఉండి ఉండవచ్చు. ఎక్కువ పట్టీలకు ఎక్కువ ధర పలుకుతుందని తర్వాత ఎవరో నాలుగోది చేర్చారు. ఈ మోసం చాలా పాతది, చాలా మామూలు. చేసేవాడికి చరిత్ర తెలియకపోవడమే మనకు రక్ష.

ఇలాంటి జంటలు మరికొన్ని గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు పనికొస్తాయి. నోయిస్‌విల్ యుద్ధం మెట్జ్ బయట ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది. సెడాన్ యుద్ధం సెప్టెంబరు 1న వంద కిలోమీటర్లకు పైగా దూరంలో. రెండూ కలిసి ఉంటే అనుమానించాల్సిందే. సెయింట్ క్వెంటిన్, మోం వలేరియాం రెండూ 1871 జనవరి 19నే. మరోవైపు, పట్టీలు ఎక్కువ ఉన్నంత మాత్రాన దొంగవని కాదు. బ్రాండెన్‌బర్గ్ వారి మూడో కోర్‌లో స్పిహెర్న్, మార్స్ లా టూర్, గ్రావెలోట్, మెట్జ్, ఓర్లియాన్స్, లె మాన్ పేర్లు వరసగా ఉన్నా నమ్మవచ్చు. ఆ కోర్ అంతటా తిరిగింది, అన్నిచోట్లా రక్తం చిందించింది. మరో జర్మన్ రాజ్యమైన బాడెన్ వారి దగ్గర స్ట్రాస్‌బర్గ్ ముట్టడి, తర్వాత లిజేన్ నది పేరు కనిపిస్తాయి. పేర్లు వరసగా కాగితం మీద రాసుకుని పక్కన తేదీ, సైన్యం వేసుకుంటే ఐదు నిమిషాల పని.

ఫ్రాన్స్ సంగతీ ఒక మాట. అంత పెద్ద యుద్ధం చేసిన ఆ దేశం తన సైనికులకు జ్ఞాపక పతకం ఇవ్వడానికి 1911 నవంబరు దాకా ఆగింది. నలభై ఏళ్లు. ఓటమికి పతకం ఎందుకన్న మొహమాటం అంతకాలం పట్టింది. అప్పటికి బతికున్నవారు తీసుకున్నారు. మీకు ఈ యుద్ధం మీద ఆసక్తి కలిగితే ఆ ఫ్రెంచి కంచు పతకం కూడా ఒకటి సంపాదించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కటి చూసినదానికంటే చాలా ఎక్కువ తెలుస్తుంది.

చివరగా చేయకూడని పనులు. ఇంట్లో ఎవరైనా ఇత్తడి సామానులాగా చింతపండు వేసి తోముతామంటే ఒప్పుకోకండి. నూటయాభై ఏళ్ల గోధుమరంగు పొర ఒకసారి పోతే తిరిగి రాదు, దానితో సగం విలువా పోతుంది. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. రిబ్బన్ చిరిగినా పాతదైతే మార్చకండి. విదేశాల్లో ఎక్కువ ధర వస్తుందని తపాలాలో పంపే ముందు ఆగండి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం దాటించడం మీద 1972 చట్టం ఆంక్షలున్నాయి, పురావస్తు శాఖను అడగకుండా పంపితే చిక్కుల్లో పడతారు.

స్పిహెర్న్ పట్టీని పీకేయాలా అంటే, తొందరపడకండి. ముందు నాలుగు పట్టీలనూ వెనకవైపు నుంచి దగ్గరగా ఫొటోలు తీయండి. రిబ్బన్‌కు బిగించే కొక్కేల తీరు, పూత అరుగుదల మూడింటిలో ఒకలా, నాలుగోదానిలో వేరుగా ఉన్నాయేమో చూడండి. ఆ పట్టీ కింద రిబ్బన్ రంగు వెలిసిపోయి ఉంటే అది ఇటీవలే చేరిందని అర్థం. మిగతా మూడింటి కింద రంగు ముదురుగా నిలిచి ఉండాలి. ఆ ఫొటోలు, అంచు మీది అక్షరాల ఫొటో కలిపి పెడితే మిగతాది చూసి చెబుతాను.